మంచు ఫోటోలూ, ఐసు దిమ్మా

నాన్నగారి సంవత్సరీకం అయిన మర్నాడు మధ్యాహ్నం, రాజమండ్రిలో మా మేడమీద గదిలోని చెక్క బీరువా సర్దుతూ ఒక రేకు డబ్బా మూత తీశాను. తీయగానే పుల్లటి వాసన గుప్పున ముక్కుకు తగిలింది. ఆ వాసన నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నాన్నగారి స్టూడియో వెనుక డార్క్ రూములో మూడు ట్రేలు వరుసగా ఉండేవి. మొదటిది బొమ్మను పైకి తెచ్చే డెవలపరు, చివరిది ఆ బొమ్మను చెరిగిపోకుండా నిలిపే హైపో, నడిమి ట్రేలో ఎసిటిక్ యాసిడ్ కొద్దిగా కలిపిన నీళ్లు. బడి నుంచి వచ్చి, నల్ల తెర బయట నిలబడి, "రావచ్చా నాన్నగారూ" అని అడిగి, లోపలి నుంచి "ఉండు" అనో "రా" అనో జవాబు వచ్చేదాకా ఎదురుచూసే నాకు ఆయనకంటే ముందు ఆ వాసనే ఎదురొచ్చేది.

అందుచేత డబ్బాలో ఆయన వాడిన మందు సీసా ఏదో కారిపోయిందనుకున్నాను. తీరా చూస్తే సీసా ఏదీ లేదు. పలచటి కాగితపు కవర్లలో, ఒక్కొక్కదాని మీద ఆయన చేతివ్రాతతో, నేను అమెరికా నుంచి పంపిన నెగటివులు ఉన్నాయి. వాసన వాటిదే. ఎసిటేట్ ఫిల్ము ఏళ్ల తరబడి వేడికీ చెమ్మకూ నానితే దానంతట అదే విరిగి యాసిడ్‌ను వదులుతుంది. ఒకసారి మొదలైందంటే ఆ యాసిడే మిగతా ఫిల్మును మరింత త్వరగా తినేస్తుంది. చల్లని చోట ఉంచితే ఈ చెడిపోవడం బాగా నెమ్మదిస్తుంది. గడ్డకట్టే చలిలో, వేళ్లు కొంకర్లు పోతుండగా నేను తీసిన నెగటివులు గోదావరి ఒడ్డున ఉక్కపోతకు వంకర్లు తిరిగి కూర్చున్నాయి. అక్కడే మా ఇంటి బేస్‌మెంటులో వదిలేసి ఉంటే బాగానే ఉండేవి. కానీ అలా వదిలేసి ఉంటే ఆ ఫోటోల్లో సగం అసలు ఫోటోలే అయ్యేవి కావు.

*

1991లో గోదావరి పుష్కరాలు ముగిసిన రెండు నెలల్లోపే నేను మిన్నెసోటా రాష్ట్రంలోని డులూత్ అనే ఊరికి, ఒక కాగితపు మిల్లులో ఉద్యోగానికి బయలుదేరాను. ఆ పుష్కరాల పన్నెండు రోజులూ నాన్నగారు పుష్కర ఘాట్‌కూ కోటిలింగాల రేవుకూ తిరిగి, తడి బట్టలతో నిలబడ్డ కుటుంబాలను వరుసపెట్టి తీసి, రాత్రంతా కడిగి, తెల్లారేసరికి ప్రింట్లు చేతికిచ్చి, ఇంకా ఆ బడలిక తీరకుండానే నా ప్రయాణం వచ్చి పడింది. ముందురోజు రాత్రి తన యాషికా మ్యాట్ కెమెరాను తువ్వాలులో చుట్టి నా సూటుకేసులో పెట్టారు. "బ్యాటరీ అయిపోయినా షట్టరు పనిచేస్తుంది. పల్లెటూరికి వెళ్తున్నావు, అక్కడ బ్యాటరీ దొరుకుతుందో లేదో" అన్నారు. న్యూయార్కు తప్ప అమెరికాలో ఉన్నవన్నీ ఆయన లెక్కలో పల్లెటూళ్లే.

డులూత్ పల్లెటూరేమీ కాదు. సుపీరియర్ సరస్సు పడమటి కొసన, కొండవాలు మీద మెట్లు మెట్లుగా కట్టుకున్న ఓడరేవు. ఆ సరస్సు సుమారు 82 వేల చదరపు కిలోమీటర్ల నీరు; అవతలి ఒడ్డు కనిపించదు కనుక సముద్రమని చెప్పినా కొత్తవాడు నమ్ముతాడు. ఆ అక్టోబరు 31న, పిల్లలు హాలోవీన్ వేషాలు వేసుకుని మిఠాయిలకు ఇంటింటికీ తిరిగే సాయంత్రం, మంచు మొదలైంది. మూడు రోజులు ఆగలేదు. మొత్తం 36.9 అంగుళాలు పడింది. మన వైపు 1977 ఉప్పెనకు ముందా తర్వాతా అని వయసులు లెక్కపెట్టుకున్నట్టు, అక్కడివాళ్లు ఇప్పటికీ ఆ మంచు తుఫానును చూపించి పిల్లల పుట్టుకలూ పెళ్లిళ్లూ గుర్తుచేసుకుంటారు.

నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ నిశ్శబ్దం. వాన పడితే రేకు మీదో ఆకు మీదో చప్పుడవుతుంది; మంచు పడితే ఉన్న చప్పుళ్లు కూడా అణిగిపోతాయి. నాలుగో రోజు తెల్లవారుజామున మంచు తోసే లారీ వచ్చింది. దాని ఇనుప పలక రోడ్డును గీరుకుంటూ వచ్చిన చప్పుడుతో ప్రపంచం మళ్లీ మొదలైనట్టనిపించింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా నాకు శీతకాలపు మేలుకొలుపు అదే.

వెలుతురు రాగానే కెమెరా తీసుకుని బయటికి పరుగెత్తాను. పన్నెండు ఫోటోలకే అయిపోయే రీలు. కారు ఉండవలసిన చోట ఉన్న గుట్టను మూడు సార్లు తీశాను. బజారులో గంటలో ప్రింట్లు ఇచ్చే షాపువాడు వాటిని పై ఊరికి పంపించి పది రోజులకు తెప్పించాడు. చూస్తే మంచు బూడిద కుప్పలా ఉంది, పక్కన నవ్వుతూ నిలబడ్డ పొరుగింటాయన ముఖం నల్లగా బొగ్గులా ఉంది. అయినా అవే కవరులో పెట్టి ఇంటికి పంపాను.

నాన్నగారి జవాబు నెలకు వచ్చింది. "చిరంజీవికి ఆశీస్సులు. ఫోటోలు అందినవి. మీ ఊళ్లో మంచు బూడిద రంగులో పడుతుందా? ప్రింటు చూసి వైద్యం చెప్పలేను, నెగటివు పంపు." పంపాను. మళ్లీ నెలకు ఇంకో ఉత్తరం. "నెగటివు పలచగా ఉన్నది. అంత తెలుపు చూసి మీటరు ఎండ ఎక్కువ ఉన్నదని భ్రమపడుతున్నది. మధుపర్కాలు కట్టుకున్న పెళ్లికొడుకును సున్నం కొట్టిన గోడ ముందు నిలబెట్టి తీసేటప్పుడు నేను ఏం చేస్తానో నువ్వు చూడలేదా? స్టాపున్నర ఎక్కువ ఇయ్యి." ఒక స్టాపు పెంచడమంటే ఫిల్ము మీద పడే వెలుతురును రెట్టింపు చేయడం.

ఉత్తర దేశాల్లో మంచును ఫోటో తీసేవాళ్లంతా మొదటి వారంలో నేర్చుకునే పాఠం ఇదే. వెలుతురును కొలిచే కెమెరాలోని మీటరుకు లోకమంతా నడిమి బూడిద రంగు. దాని ఎదుట నల్లదున్నను పెట్టినా, మంచుకొండను పెట్టినా అది రెండింటినీ ఆ రంగుకే తేవాలని చూస్తుంది. ఈ సంగతి తర్వాత పుస్తకాల్లోనూ చదివాను. కానీ మంచు ముఖం ఎన్నడూ చూడని మనిషి, గోదావరి జిల్లా పెళ్లిపందిట్లో నిలబడి నేర్చుకున్న లెక్కతో, పోస్టులో నాకు మంచు తీయడం నేర్పించాడు.

*

అప్పటి నుంచి ఒక ఏర్పాటు కుదిరింది. నేను నలుపు తెలుపు రీళ్లు వాడి, ఇంట్లోనే కడిగి, నెగటివులు మాత్రం రాజమండ్రి పంపేవాణ్ణి. ప్రింటు వేయడం ఆయన వంతు. ప్రతి దానికీ రెండు ప్రతులు తీసి, ఒకటి వెనుక పెన్సిలుతో మాట రాసుకుని తన దగ్గర ఉంచుకుని, ఒకటి నాకు పంపేవారు.

ఆ ఇంట్లో కడగడం అనేది మా ఆవిడ సహనానికి పరీక్ష. ఊరికి కుళాయి నీళ్లు సరస్సు నుంచే వస్తాయి. జనవరిలో అవి చేతికి తగిలితే ఎముకలు జివ్వుమనేవి. డెవలపరుకు 20 డిగ్రీల నీళ్లు కావాలి. వంటింట్లో చారు గిన్నె పక్కన మందు గిన్నె పెట్టి, థర్మామీటరు ముంచి, డిగ్రీ డిగ్రీ లెక్కపెడుతూ వేడిచేసుకునేవాణ్ణి. "ఏ గిన్నె ఏదో చెప్పి వెళ్లండి, మీకు పుణ్యం ఉంటుంది" అనేది ఆవిడ.

సరిగ్గా అదే పని రాజమండ్రిలో తిరగేసి జరిగేది. మే నెలలో మా ఊళ్లో నీళ్లు కుళాయిలోనే కాగి వస్తాయి. ఆ వేడికి ఫిల్ము మీది జెలటిన్ ఉబ్బిపోతుంది, మరీ అయితే కాగితం మీద బొమ్మ మెత్తబడి వేలి కిందకే వచ్చేస్తుంది. అందుకని నా చిన్నతనంలో ఎండాకాలం వస్తే ఐసు తేవడం నా పని. సైకిలు మీద ఐసు ఫ్యాక్టరీకి వెళ్లి, పావు దిమ్మ కొనుక్కుని, ఊక దట్టించిన గోనెసంచిలో చుట్టించి, క్యారేజీకి తాడుతో బిగించి, దారిపొడుగునా నీళ్లు కారుకుంటూ తెచ్చేవాణ్ణి. ఇంటికి వచ్చేసరికి దిమ్మ మూడో వంతు తగ్గేది. నాన్నగారు దాన్ని రోకలితో పగలగొట్టి పెద్ద పళ్లెంలో పోసి, ఆ ముక్కల మధ్య డెవలపరు ట్రేను కూర్చోబెట్టేవారు. ఊక అంటిన ముక్క ఒకటి నా నోట్లో పెట్టేవారు. మిన్నెసోటా చేరేదాకా ఐసు అంటే నాకు తెలిసింది అదే, ఊక వాసన వేసే ఐసు.

ఆ ఐసు పళ్లెం మధ్యలోనే ఆయన నా మంచు ఫోటోలు ప్రింటు వేశారు. బయట నలభై మూడు డిగ్రీల ఎండ. లోపల ఎర్ర బల్బు, ఫ్యాను వేస్తే దుమ్ము లేస్తుందని ఫ్యాను కూడా లేదు, ఒంటి మీద బనియను తడిసి ముద్దయ్యేది. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారు అప్పట్లో తయారుచేసిన 'ఇందు' కాగితం మీద సుపీరియర్ సరస్సు మెల్లగా పైకి తేలేది. ఇది నేను కళ్లారా చూసింది ఒకే ఒక్కసారి, సెలవుకు వచ్చినప్పుడు. మంచు ఎంత తెల్లగా ఉండాలో నన్ను అడగలేదు. ఒక ముక్క కాగితం మీద పరీక్ష ప్రింటు తీసి, హైపోలో ముంచి, తలుపు తీసి ఎండలో పట్టుకుని చూసి, "సున్నంలా ఉంది, ఇది కాదు. దూదిలా రావాలి" అని లోపలికి వెళ్లి, నలుపు తెలుపుల తేడాను మెత్తబరిచే సాఫ్ట్ పేపరు తీశారు. చూసినవాణ్ణి నేను. కానీ దూది అన్న మాట నాకు తట్టలేదు.

*

చలిలో ఫోటోలు తీయడం గురించి అడిగేవాళ్లకు నేను చెప్పేది వినడానికి వంట చిట్కాల్లా ఉంటుంది. యాషికాలో బొమ్మను పైనుంచి, తల వంచి అద్దంలో చూసుకోవాలి. అందులో కుడి ఎడమవుతుంది. తల వంచగానే మన ఊపిరి అద్దం మీద పడి అప్పటికప్పుడు గడ్డకడుతుంది. కనుక ఊపిరి పీల్చి, బిగబట్టి, వంగి, చూసి, నొక్కి, నిటారుగా లేచి వదలాలి. దూరం నుంచి చూసేవాళ్లకు ఎవరో సరస్సుకు నమస్కారాలు చేస్తున్నట్టు ఉండేది. చలికి లోపలి నూనె చిక్కబడి షట్టరు బద్ధకించేది. ఒక శీతకాలం ఫోటోలన్నీ అవసరానికి మించి వెలుతురు పట్టాక, మరమ్మతు చేసే ఆయనతో ఆ పాత నూనె తుడిపించాను.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంట్లోకి తిరిగి రావడం. గడ్డకట్టిన కెమెరాను వెచ్చటి గదిలోకి తెస్తే, వేసవిలో చన్నీళ్ల చెంబుకు పట్టినట్టు దానికి లోపలా బయటా చెమ్మ పడుతుంది. అందుకని గుమ్మం బయటే దాన్ని పాలిథిన్ కవరులో పెట్టి, గాలి నొక్కేసి మూతి బిగించి, లోపలికి తెచ్చాక కొన్ని గంటలు విప్పకూడదు. మా ఆవిడ పెళ్లి పట్టుచీరలకు వచ్చిన మందపాటి కవర్లు ఈ పనికి బాగా పనికొచ్చాయి. ఆ చీరలు ఆ ఊళ్లో కట్టుకునే సందర్భాలు ఎలాగూ రాలేదు.

తొందరపడితే జరిగేది ఇంకొకటి. పొడి చలిలో రీలును గబగబా తిప్పితే లోపల స్థిర విద్యుత్తు పుట్టి ఫిల్ము మీద చెట్టు వేళ్లలాంటి గీతలు పడతాయి. అలాంటి ఫోటో ఒకటి డబ్బాలో కనిపించింది. తెల్లటి మైదానం, పైన ఆకాశంలో కొమ్మలు కొమ్మలుగా మెరుపు. వెనుక పెన్సిలుతో, "మెరుపా? చలికాలంలోనా?" అని ఉంది. దాని కింద, బహుశా నా ఉత్తరం అందాక, సిరాతో, "కాదు. రీలు తిప్పడంలో అజాగ్రత్త."

*

1995 చివర్లో బాబు పుట్టినప్పుడు అమ్మ వచ్చింది. నాన్నగారు రాలేదు. మాఘమాసం ముహూర్తాలున్నాయన్నారు, తర్వాత పిలిచినప్పుడల్లా కూడా ఏవో ముహూర్తాలుండేవి. అమ్మ అదృష్టమో దురదృష్టమో, డులూత్ చరిత్రలో అప్పటిదాకా ఎన్నడూ లేనంత మంచు పడ్డ ఏడాది అది. మొత్తం 135.4 అంగుళాలు, అంటే పదకొండు అడుగుల పైమాటే. ఆ రికార్డు 2022-23 శీతకాలం దాకా నిలిచింది. కిటికీ సగానికి మంచు వచ్చేసింది. అమ్మ ఆ కిటికీ దగ్గర బాబును ఒళ్లో వేసుకుని నలుగు పెట్టేది. కిటికీ పైసగం నుంచి వచ్చే వెలుతురు మంచు మీద పడి తిరిగి పైకప్పుకు తగిలి గదంతా మెత్తగా పరుచుకునేది. స్టూడియోలో తెల్ల గొడుగులు పెట్టి నాన్నగారు అంత కష్టపడి తెచ్చే వెలుతురు అక్కడ ఊరికే దొరికేది. నేను ఇంట్లోవాళ్లను తీసిన మంచి ఫోటోలన్నీ ఆ కిటికీ దగ్గరవే.

ఒకరోజు ఎండ కళ్లు చెదిరేలా కాసింది. ఆ ఎండను నమ్మి అమ్మ నా పంచెలు ఉతికి పెరట్లో తీగ మీద ఆరేసింది. పావుగంట తర్వాత వెళ్లి చూస్తే అవి అట్టల్లా బిగుసుకుపోయి, గాలికి ఊగడానికి బదులు తలుపుల్లా కొట్టుకుంటున్నాయి. ఒకదాన్ని తీసి మంచులో గుచ్చితే దానంతట అదే నిలబడింది. దాని పక్కన అమ్మ, నా స్వెట్టరు మీద నా కోటు వేసుకుని, కొంగు తల మీదుగా చుట్టుకుని, పంచెను అపరాధిలా చూపిస్తూ నిలబడింది. ఆ ప్రింటు వెనుక నాన్నగారి మాట: "గంజి ఎక్కువైనది."

ఆ ఫిబ్రవరి 2న, మాకు ఉత్తరాన ఉన్న టవర్ అనే చిన్న ఊళ్లో మైనస్ 60 ఫారెన్‌హీట్ నమోదైంది. మన లెక్కలో మైనస్ 51. ఆ రాష్ట్రంలో నమోదైన చలికి అది ఇప్పటికీ రికార్డే. గవర్నర్ ఆర్నీ కార్ల్సన్ రాష్ట్రమంతటా బడులు మూసేయించారు. మా ఇల్లు చెక్క ఇల్లు. అంత చలికి కర్ర ముడుచుకుని రాత్రి ఉండి ఉండి తుపాకీ పేలినట్టు ఠపీమనేది. అమ్మ రెండుసార్లు లేచి కూర్చుని, "కొబ్బరికాయ పడిందిరా" అంది. పడటానికి అక్కడ కొబ్బరిచెట్టు ఏదీ లేదని ఆవిడకీ తెలుసు. ఆ పగలంతా ఎవరమూ బయటికి వెళ్లలేదు. కిటికీ అద్దం లోపలివైపు మంచు ఫెర్న్ ఆకుల్లా అల్లుకుంది. మా అమ్మాయి వేలితో దాన్ని గీకి చిన్న కంత చేసి, ఆ కంతలోంచి వీధిని చూస్తుంటే వెనుక నుంచి తీశాను. మూడేళ్ల పిల్ల జడ, అద్దం, కంత. అంతకంటే ఆ ఫోటోలో ఏమీ లేదు, అయినా నాన్నగారు దాన్ని పెద్దది చేసి స్టూడియో ముందు అద్దాల పెట్టెలో చాలా ఏళ్లు ఉంచారు.

అంతకు రెండు మూడు వారాల ముందే సంక్రాంతి. పండుగనాడు వాకిట్లో ముగ్గు లేకుండా ఎలా అని అమ్మ పట్టుబట్టింది. నేను గుమ్మం ముందు మంచును పారతో చదును చేసి ఇచ్చాను. అమ్మ బియ్యప్పిండి డబ్బా తెచ్చి, వంగి, మొదటి వరుస చుక్కలు పెట్టి, లేచి చూసి, కాసేపు మాట్లాడలేదు. తెలుపు మీద తెలుపు. ఒక్క చుక్క కనిపించలేదు. పైగా ఉడుత ఒకటి వచ్చి వాసన చూసి పోయింది. అమ్మ లోపలికి వెళ్లి పసుపు డబ్బా, కుంకుమ డబ్బా పట్టుకొచ్చింది. చుక్కలు కుంకుమతో, మెలికలు పసుపుతో. చేతి తొడుగు వేసుకుంటే పసుపు జారదు కనుక ఉత్త చేత్తోనే. రెండు గీతలు వేసి లోపలికి వచ్చి, వేడిగాలి వచ్చే కంత మీద చేతులు పెట్టుకుని, మళ్లీ వెళ్లేది. వాకిట్లో అరగంటలో వేసే పదిహేను చుక్కల ముగ్గు ఆ రోజు భోజనాల వేళ దాకా సాగింది. ఆ మంచు మీద పసుపు ఎంత పచ్చగా ఉందో చెప్పలేను. వీధిలో పోయేవాళ్లు కార్లు ఆపి చూశారు.

నా కెమెరాలో మాత్రం నలుపు తెలుపు రీలు ఉంది. కడిగి చూస్తే కుంకుమ చుక్కలు నల్లగా పడ్డాయి, పసుపు గీతలు మంచులో కలిసిపోయాయి. చుక్కల మధ్య ఒక ఆవిడ దేన్నో వెతుకుతున్నట్టు వంగి ఉంది. పోయిందనుకుంటూనే నెగటివు పంపాను.

నాన్నగారు తిట్టలేదు. "నీలం ఫిల్టరు పెట్టి ఉంటే పసుపు ముదురుగా వచ్చేది" అని ఒక వాక్యం రాసి, ప్రింటు పంపారు. అందులో ముగ్గు మొత్తం ఉంది. ఆయన తరం ఫోటోగ్రాఫర్లు నలుపు తెలుపు ఫోటోలకు చేత్తో రంగులు వేసేవారు; పెదవికి కొంచెం ఎరుపు, చీర అంచుకు పసుపు, నగలకు బంగారు రంగు. ఆ విద్యకు గిరాకీ పోయి అప్పటికే ఇరవై ఏళ్లు. ఆ పాత రంగుల పెట్టె తీసి, సన్న కుంచెతో, చుక్క చుక్కకూ మధ్య పసుపు మెలికలు తిప్పారు. ఆయన ఆ ముగ్గును చూడలేదు. కానీ ప్రతి సంక్రాంతికీ స్టూడియో తెరవడానికి వెళ్తూ దాన్ని తొక్కకుండా ప్రక్కనుంచి దాటుకుంటూ వెళ్లిన మనిషి.

*

డులూత్ రేవు నోట్లో, ఓడలు లోపలికి వచ్చే కాలువ మీద ఒక ఇనుప వంతెన ఉంది. ఓడ వచ్చినప్పుడు వంతెన రోడ్డు మొత్తం లిఫ్టులా పైకి లేస్తుంది. 1905లో వేలాడే పెట్టెలో జనాన్ని అటూ ఇటూ దాటించడానికి కట్టిన దాన్ని 1930 నాటికి ఇలా మార్చారు. వచ్చే ఓడ కూత వేస్తే వంతెన కూడా అదే లెక్కలో తిరిగి కూత వేస్తుంది. జనవరి నడిమికి సరస్సుకు తూర్పు కొసన ఓడలు దాటే సూ లాకులు మూతపడతాయి, మార్చి 25 దాకా తెరవరు. ఆఖరి ఓడ ఇనుపరాయి దించుకుని లోపలికి వచ్చేటప్పటికి దాని ముక్కు, తాళ్లు, కంచె అంతా అడుగు మందాన ఐసు పట్టి ఉండేది. గాలికంటే నీరు వెచ్చగా ఉండే ఆ ఉదయాల్లో సరస్సు మీద పొగలు లేచేవి. ఓడ అందులోంచి కూతగా ముందు వచ్చి, తర్వాత ఆకారంగా వచ్చేది.

నాన్నగారు ఫోటోల్లో ఎక్కువగా అడిగింది ఈ వంతెననే. మా ఇంట్లోకి గోదావరి పాత వంతెన మీద రైలు చప్పుడు రాత్రిళ్లు వినిపించేది. 1900 నుంచి నడిచిన ఆ హేవలాక్ వంతెన మీద 1997లో రైళ్లు ఆపేశాక, "చప్పుడు లేక నిద్ర పట్టడం లేదు. మీ వంతెన కూత వేస్తున్నదా?" అని రాశారు. ఫోటోలో కూత ఎలా పంపను? ఓడ పొగ తెరను చీల్చుకుని వస్తున్నది ఒకటి పంపాను.

*

తర్వాత్తర్వాత రంగు రీళ్లు, చిన్న కెమెరా, ప్రింట్లు అక్కడే. 'ఇందు' కాగితం దొరకడం కష్టమైంది, రాజమండ్రిలో కలర్ ల్యాబులు వచ్చాయి, నాన్నగారు డార్క్ రూమును సామాన్ల గది చేశారు. ఆ రోజుల ఫోటోలు నా దగ్గర ఎక్కువే ఉన్నాయి, చెప్పడానికి మాత్రం తక్కువ. రెండు చెబుతాను.

మా అమ్మాయి ఆరేడేళ్ల వయసులో చికడీ పిట్టలను చేతి మీద వాలించుకోవడం నేర్చుకుంది. నల్ల టోపీ పెట్టుకున్నట్టుండే, బొటనవేలంత పిట్ట. రాత్రిళ్లు ఒంటి వేడిని పది డిగ్రీలకు పైగా తగ్గించేసుకుని, ఉన్న కొవ్వును పొదుపుగా కరిగించుకుని తెల్లారేదాకా బతుకుతుంది. పొద్దున్నే ఆకలి మీద ఉంటుంది. పిల్ల తొడుగు తీసి, అరచేతిలో పొద్దుతిరుగుడు గింజలు పోసుకుని, చెయ్యి చాచి, బొమ్మలా నిలబడేది. నేను ఆరడుగుల దూరంలో, నా వేళ్లకు స్పర్శ పోయేదాకా. పిట్ట వచ్చి, ఒక గింజ తీసి, అది నచ్చక పారేసి, ఇంకొకటి తీసుకునేది. "నాన్నా, దాని గోళ్లు చల్లగా లేవు" అంది పిల్ల, పెదవులు కదపకుండా. ఆ మాట ఏ ఫోటోలోనూ లేదు.

2004-05 శీతకాలంలో కెనడా అడవుల్లో ఎలుకలు కరువై బూడిదరంగు పెద్ద గుడ్లగూబలు దక్షిణానికి దిగాయి. ఉత్తర మిన్నెసోటాలో 5,000కు పైగా లెక్కపెట్టారు. డులూత్‌కు గంట దూరంలో సాక్స్-జిమ్ అనే చిత్తడి అడవి ఉంది. అక్కడ రోడ్డు పక్క ప్రతి కంబం మీదా ఒకటి. చూడటానికి చంటిపిల్లంత ఉంటుంది, తూస్తే కేజీ కేజీన్నర, మిగతాదంతా ఈకలే. అడుగు మందం మంచు కింద ఎలుక కదిలిన చప్పుడు విని, కాళ్లు ముందుకు చాచి మంచులోకి దూకేస్తుంది. అమ్మకు ఫోనులో చెబితే, "ఆ ఫోటోలు ఇంట్లో పెట్టకు" అంది. నాన్నగారికి ఒకటి పంపాను. వెనుక ఏం రాశారో ఇన్నేళ్లకు డబ్బాలో చూశాను: "ముఖం జల్లెడ వలె ఉన్నది. ఎక్స్‌పోజరు సరిగా ఇచ్చాడు."

*

ముగ్గు ప్రింటును కిందికి తెచ్చి వరండాలో కూర్చున్న అమ్మకు చూపించాను. కళ్లజోడు మార్చుకుని, దగ్గరగా పట్టుకుని, వేలితో ఒక మూల తట్టింది.

"ఈ మూల నేను వెయ్యలేదు. చేతులు కొంకర్లు పోతే వదిలేసి లోపలికి వచ్చేశాను. ఆయనే పూర్తి చేశారు."

"నీకు ముందే తెలుసా?"

"తిరిగొచ్చిన రోజే అడిగాను. సగం ముగ్గు ఎలా పంపిస్తానూ అన్నారు. వేస్తే వేశారు, సరిగా వేశారా? ఈ మెలిక బయటికి తిరగాలి, లోపలికి తిప్పారు."

మేడమీదికి వెళ్లి ఆ నెగటివు తీశాను. అంచులు అలలు తిరిగాయి. నాన్నగారి భూతద్దంతో కిటికీ వెలుతురుకు పట్టి చూస్తే, ముదురు నలుపులో వెంట్రుకవాసి తేడాతో పసుపు గీతలు లీలగా కనిపించాయి. అమ్మ బొటనవేలు తగిలిన చోటల్లా మంచులో చిన్న గాడి కూడా పడి ఉంది. కుడివైపు మూలలో ఏమీ లేదు. వరుసగా ఆరు చుక్కలు, అంతే.

అన్నిటినీ స్కాన్ చేయించేదాకా చెడిపోకుండా చల్లటి చోట ఉంచాలి. చెల్లెలు ఫ్రిజ్ పై అర ఖాళీ చేస్తూ, "ఇవి ఇంత వాసన వేస్తున్నాయి, కొబ్బరి తురుముకు పట్టదా అన్నయ్యా?" అని అడిగింది. కవరు మీద కవరు, గాలి నొక్కేసి, మూతి బిగించి కొబ్బరి పక్కన పెట్టాను. నేను వెళ్లిపోయాక ఎవరైనా తొందరపడి విప్పుతారేమోనని పైన పెద్ద అక్షరాలతో రాసి అంటించాను: బయటికి తీసిన తర్వాత ఆరు గంటల వరకు విప్పవద్దు.